స్కూల్ బోర్డుకు నిలబడమంటున్నారు, నిలబడనా?

హన్మకొండ ఆడబిడ్డ అడిగింది:

అందరికీ నమస్తే. మేము అట్లాంటాకు ఉత్తరాన ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) పదకొండేళ్లుగా ఉంటున్నాం. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. నేను 2022లో సిటిజన్ అయ్యాను, మా ఆయనది ఇంకా గ్రీన్ కార్డే. పాప కిండర్‌గార్టెన్‌లో చేరినప్పటి నుంచి పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) పని చేస్తున్నాను. రెండేళ్లుగా స్కూల్ కౌన్సిల్‌లో కూడా ఉన్నాను.

మా ప్రాంతం నుంచి స్కూల్ బోర్డులో (కౌంటీ బడులన్నిటినీ నడిపే, జనం ఎన్నుకునే సభ) ఉన్నావిడ ఇక పోటీ చేయనని చెప్పారు. అప్పటి నుంచి పీటీఏలో నాతో పని చేసే ఇద్దరు తల్లులు (ఒకరు కొరియన్, ఒకరు ఇక్కడే పుట్టి పెరిగినావిడ) "నువ్వు నిలబడు, మేము ఇల్లిల్లూ తిరుగుతాం" అంటున్నారు. మొదట్లో పట్టించుకోలేదు. కానీ ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పోయిన ఏడాది బాబు ఎక్కే బస్సు వారానికి మూడు రోజులు ఆలస్యంగా వచ్చేది. ఒక్కోసారి నలభై నిమిషాలు. డ్రైవర్లు లేరని మెయిల్ వచ్చేది, అంతే. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తల్లులు ఆ చలిలో పిల్లలతో రోడ్డు పక్కన నిలబడేవాళ్లు. నేను బోర్డు మీటింగుకు వెళ్లి పేరు రాయించుకున్నాను. మూడు నిమిషాలు ఇచ్చారు. ఏ స్టాపులో ఏ రోజు ఎంత ఆలస్యమో రెండు నెలల లెక్క రాసుకుని వెళ్లాను. సగం చదివేసరికి గంట మోగింది. "థ్యాంక్యూ" అన్నారు, తర్వాతి వాళ్లను పిలిచారు. ఆ కాగితం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది.

నా భయాలు చెబుతాను. మా ఇంట్లో రాజకీయాల వాసన లేదు. ఎన్నడో మా చిన్నాన్న వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయాడు, ఇప్పటికీ ఇంట్లో ఆ అప్పు సంగతే చెబుతారు. మా అత్తమ్మ "మనకెందుకమ్మా ఈ ఊరు కాని ఊళ్లో" అంటున్నారు. నా ఇంగ్లిష్ యాస నాకు తెలుసు. దీనికి ఎంత డబ్బు కావాలో తెలియదు. బోర్డు సభ్యురాలిగా నేను నిజంగా ఏమైనా చేయగలనా, లేక అది పెద్ద రాజకీయాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కే మొదటి మెట్టేనా? ఇక్కడ ఎవరైనా నిలబడ్డవాళ్లుంటే దయచేసి చెప్పండి.

గ్విన్నెట్ నాన్న రాశారు:

అక్కా, ముందు ఒక్క సంగతి కనుక్కోండి. మీ కౌంటీలో స్కూల్ బోర్డు ఎన్నిక పార్టీ పేరు మీద జరుగుతుందా, పార్టీ లేకుండానా? మన జార్జియా రాష్ట్రంలో 180 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, ఒక్కోదానికి ఒక బోర్డు, అన్నింటికీ ఒకే పద్ధతి లేదు. మా గ్విన్నెట్ కౌంటీలో 2022కు ముందు పార్టీలే ఉండేవి, ఆ ఏడాది చట్టం చేసి తీసేశారు. ఇప్పుడు మాకు మే నెలలోనే ఎన్నిక అయిపోతుంది. పార్టీ ఉన్నచోట మేలో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక) గెలవాలి, తర్వాత నవంబరు దాకా ఆగాలి. ఏ పార్టీ బలమో తేలిపోయిన కౌంటీల్లో ప్రైమరీనే అసలు ఎన్నిక.

రెండో సంగతి, మీ దగ్గరి బంధువులెవరైనా అదే డిస్ట్రిక్టులో ప్రిన్సిపాల్‌గానో, అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌గానో, ఆఫీసులో పెద్ద ఉద్యోగంలోనో ఉంటే మీరు నిలబడటానికి లేదు. టీచరైతే ఫర్వాలేదని విన్నాను, అయినా అడిగి తెలుసుకోండి. పేర్లు ఇచ్చే గడువు మార్చిలో ఒక్క వారమే ఉంటుంది. అది దాటితే మళ్లీ నాలుగేళ్లు.

శెనక్కాయల అనంతపురం రాశారు:

చెల్లెమ్మా, నేను నిలబడి ఓడిపోయినవాణ్ణి. అందుకే నీ ప్రశ్న రెండుసార్లు చదివి, కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది.

నా సంగతి చెప్పేముందు ఒక మనిషి సంగతి చెప్పాలి. మన రాష్ట్రం మనిషే. మన రాష్ట్రమంటే జార్జియా. జిమ్మీ కార్టర్ పేరు అందరికీ తెలుసు. అమెరికా అధ్యక్షుడయ్యాడని తెలుసు, శెనక్కాయల రైతని తెలుసు. ఆయన మొదటి పదవి స్కూల్ బోర్డు సభ్యత్వమని మనవాళ్లలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, 2018లో ఆయన సొంతూరు ప్లెయిన్స్ వెళ్లేదాకా.

మాది అనంతపురం జిల్లా. మా నాయన జీవితమంతా శెనక్కాయ పంట మీదే గడిచింది. వాన వస్తే పంట, రాకపోతే అప్పు. ప్లెయిన్స్ దగ్గరికి వచ్చేసరికి కారు కిటికీలోంచి ఎర్రమట్టి, శెనక్కాయ చేలు కనిపించాయి. నాకు గొంతు పట్టేసింది. రోడ్డు పక్కన ఒక ముసలాయన ఉడకేసిన శెనక్కాయలు అమ్ముతున్నాడు. అమెరికాలో ఉడకేసిన శెనక్కాయలు! మా అమ్మ ఉప్పు వేసి దబరలో ఉడికించేది సరిగ్గా అట్లాగే. ఆ మరుసటి రోజు ఆదివారం. మరనాథ బాప్టిస్ట్ చర్చిలో తొంభై మూడేళ్ల ఆ పెద్దాయన సండే స్కూల్ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. చీకటితోనే వెళ్లి లైన్లో నిలబడితేనే చోటు దొరికింది. ఆ తర్వాత ఆయన చదివిన ప్లెయిన్స్ హైస్కూల్ చూశాం. ఇప్పుడది మ్యూజియం. అక్కడే ఈ స్కూల్ బోర్డు కథ నా కంటపడింది. తర్వాత దొరికిందల్లా చదివాను.

1953లో తండ్రి చనిపోతే నేవీ ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చాడు కార్టర్. తండ్రి పోయేనాటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. విత్తనాల, ఎరువుల వ్యాపారం తలకెత్తుకున్నాడు. తండ్రి కూర్చున్న సమ్టర్ కౌంటీ స్కూల్ బోర్డులోనే 1955లో ఆయనకూ చోటు వచ్చింది. అప్పట్లో దానికి ఎన్నిక లేదు, గ్రాండ్ జ్యూరీ (కోర్టు కూర్చోబెట్టే స్థానికుల బృందం) నియమించేది. ఏడాది ముందే, 1954 మేలో, తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఒక బడి చెల్లదని సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. జార్జియాలో ఆ తీర్పును ఎవరూ లెక్కచేయలేదు. లెక్కచేయకపోవడమే కాదు, దాన్ని ఆపడానికి ఊరూరా తెల్లవాళ్ల సంఘాలు పెట్టారు. ప్లెయిన్స్‌లో కూడా పెట్టారు. సభ్యత్వం ఐదు డాలర్లు. ఊళ్లో తెల్ల మగవాళ్లంతా చేరారు, కార్టర్ ఒక్కడు చేరలేదు. "మీ దగ్గర డబ్బు లేకపోతే మేమే కడతాం" అని కూడా వచ్చారు. ఒప్పుకోలేదు. కొన్నాళ్లు ఆయన గోదాముకు గిరాకీ ఆపేశారు.

బోర్డులో చేరాక సభ్యులు కౌంటీలోని బడులన్నీ తిరిగి చూశారు. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఈ తిరుగుడే. నల్లపిల్లల బడులు కొన్ని చర్చిల్లో, కొన్ని ఎవరింట్లోనో నడుస్తున్నాయి. ఎదిగిన పిల్లలు చిన్నపిల్లల కుర్చీల్లో కూర్చున్నారు. తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. తెల్లపిల్లలు బస్సుల్లో వెళ్తుంటే నల్లపిల్లలు నడిచి వెళ్లేవాళ్లు. ఇదంతా చిన్నప్పటి నుంచి కళ్ల ముందు జరుగుతూనే ఉంది, అయినా తనకు తోచలేదని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. నీ బస్సు కాగితం సంగతి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది, చెల్లెమ్మా. ఎవరు నడుస్తున్నారు, ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు ఎదురుచూస్తున్నారు అని లెక్కరాసే మనిషి ఆ కుర్చీలో లేకపోతే ఆ లెక్క లేనట్టే.

ఆయన్ను దేవుణ్ణి చేసి చెప్పను. ఏడేళ్లు బోర్డులో ఉన్నాడు. ఆ ఏడేళ్లలో అక్కడ తెల్లపిల్లలు, నల్లపిల్లలు ఒక గదిలో కూర్చోలేదు. ఆయన గట్టిగా అడిగిందీ లేదు. భయపడ్డాడనే నేననుకుంటాను. ఇంటి నిండా పిల్లలు, వ్యాపారమంతా ఆ ఊరివాళ్లతోనే. ఆ స్థానంలో నేనుంటే ఎంత ధైర్యం చేసేవాణ్ణో చెప్పలేను. కానీ ఆ ఆలస్యానికి ఖరీదు కట్టింది నడిచి వెళ్లిన పిల్లలే, అది మరిచిపోకూడదు.

ఆయన మొదటిసారి జనం ముందుకు ఓటు కోసం వెళ్లింది తనకోసం కాదు, బడుల కోసం. 1961 నాటికి ఆయన బోర్డు చైర్మన్. కౌంటీ బడులను, పక్కనున్న అమెరికస్ పట్టణం బడులను కలిపేస్తే పిల్లలకు మంచి ల్యాబులు, ఎక్కువ సబ్జెక్టులు వస్తాయని ప్రతిపాదన పెట్టాడు. దానికి జనం ఓటెయ్యాలి. ఊరూరా తిరిగి మీటింగులు పెట్టాడు. ఎదుటివాళ్లు రెండే మాటలు అన్నారు. మన ఊరి హైస్కూల్ పోతుంది, ఇవాళ బడులు కలిపితే రేపు తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ కలుపుతారు. అంతే. వంద ఓట్ల లోపు తేడాతో ప్రతిపాదన ఓడిపోయింది. అందరికంటే గట్టిగా వ్యతిరేకించింది సొంతూరు ప్లెయిన్స్. ఆ తర్వాత ఆయన గోదాము తలుపు మీద నల్లవాళ్లనూ ఆయన కుటుంబాన్నీ కలిపి తిడుతూ ఒక అట్ట కనిపించింది.

పిల్లల చదువు కోసం ఓటడిగితే దక్కింది ఆ అట్ట. చాలామంది అక్కడితో ఇంట్లో కూర్చుంటారు. ఆయన మరుసటి ఏడాదే స్టేట్ సెనేట్‌కు (రాష్ట్ర చట్టసభలో ఎగువ సభ) నిలబడ్డాడు. బడుల సంగతి రాష్ట్ర రాజధాని అట్లాంటాలో తేలాలని ఆయనకు అర్థమైంది.

1962 అక్టోబరు 1, ముప్పై ఎనిమిదో పుట్టినరోజు. పొద్దున లేచి పొలం బట్టలు కాకుండా మంచి ప్యాంటు వేసుకున్నాడు. భార్య రోజలిన్ "ఎవరైనా పోయారా?" అని అడిగింది. "సెనేట్‌కు నిలబడుతున్నాను, పేపర్లో ప్రకటన ఇవ్వడానికి వెళ్తున్నాను" అన్నాడు. ఆవిడతో ఒక్క మాట ముందు చెప్పలేదు! అలా చేసినందుకు తర్వాత తానే సిగ్గుపడ్డాడు. నువ్వు మాత్రం అట్లా చేయొద్దు తల్లీ. మీ అత్తమ్మను కూర్చోబెట్టి చెప్పు.

ఓటింగుకు పదిహేను రోజులే ఉంది. రోజలిన్ ఓటర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది, ఉత్తరాలు రాసింది. ఆయన గోదాము పని చూసుకుంటూనే ఏడు కౌంటీలు తిరిగాడు. అక్టోబరు 16న పార్టీ ప్రైమరీ ఓటింగ్. అలబామా సరిహద్దున క్విట్‌మన్ కౌంటీ, దాని ముఖ్యపట్నం జార్జ్‌టౌన్. అక్కడ జో హర్స్ట్ అనే పెద్దమనిషి మాటే చట్టం. కోర్టు భవనంలో టేబుల్ మీద అందరి కళ్లముందే ఓటు వేయించాడు, ఎవరికి వేయాలో పక్కన నిలబడి చెప్పాడు. వేసిన ఓట్లు అట్టపెట్టెలోకి వెళ్లాయి. ఆ ఒక్క ఊరి దెబ్బకు కార్టర్ 139 ఓట్లతో ఓడిపోయినట్టు లెక్కతేల్చారు.

ఆయన వదిలిపెట్టలేదు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి సాక్ష్యాలు రాయించాడు. అట్లాంటా జర్నల్ విలేఖరి జాన్ పెనింగ్టన్ వచ్చి తవ్వాడు. చనిపోయినవాళ్లు ఓటు వేశారు. జైల్లో ఉన్నవాళ్లు ఓటు వేశారు. అదీ అక్షరక్రమంలో, వరసగా ఒకరి వెనక ఒకరు! చార్లెస్ కర్బో అనే లాయరు కేసు పట్టాడు. పెట్టె తెరిస్తే వచ్చిన జనం కంటే ఓట్లు ఎక్కువ. ఆ పెట్టెలోని ఓట్లు చెల్లవన్నారు, కార్టర్ గెలిచాడు. నవంబరు ఎన్నిక ముందురోజు దాకా బ్యాలెట్ మీద పేరు ఉంటుందో లేదో తెలియని పరిస్థితి. 1963 జనవరిలో ప్రమాణం చేసి, అడిగి మరీ విద్యా కమిటీలో చేరాడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1966లో గవర్నర్‌గా నిలబడి ప్రైమరీలో మూడో స్థానం. 1970లో గెలుపు. 1976లో అధ్యక్షుడు. కేంద్రంలో ప్రత్యేకంగా విద్యాశాఖ పెట్టే చట్టం మీద 1979లో సంతకం చేసింది ఆయనే.

నువ్వడిగిన "మొదటి మెట్టేనా" అన్నదానికి నా జవాబు ఇది. అందరికీ మెట్టు కాదు, కార్టర్‌కు కూడా మెట్టుగా మొదలుకాలేదు. 1961లో బడుల కోసం ఓడిపోయాడు కాబట్టే 1962లో నిలబడ్డాడు. పదవి కోసం బడిని పట్టుకున్న మనిషి నల్లపిల్లల బడులు తిరిగి చూడడు, సొంతూరితో తగువు పెట్టుకోడు.

ఇక నా సంగతి. నాలుగైదేళ్ల కిందట నేనుండే కౌంటీలో నిలబడ్డాను. పార్టీ ప్రైమరీలో మూడువందల లోపు ఓట్ల తేడాతో పోయింది. నా తప్పు చెబుతాను, నీకు పనికొస్తుంది. నేను గుళ్లో, ఉగాది పండుగలో, క్రికెట్ లీగులో చేతులు కలిపి, మనవాళ్లంతా నాకు వేస్తారనుకున్నాను. మా కాలనీలో నలభై పైచిలుకు తెలుగు ఇళ్లున్నాయి. తీరా ఓటర్ల జాబితా పట్టుకుని చూస్తే అందులో ఓటున్న ఇళ్లు పదకొండు. మిగతావాళ్లందరూ హెచ్‌వన్‌బీ, లేదా గ్రీన్ కార్డు. ఆ పదకొండిట్లో కూడా మే నెల ప్రైమరీకి వెళ్లి ఓటేసే అలవాటు ఉన్నవాళ్లు ముగ్గురు. ఇది మార్చిలో చూడాల్సింది, నేను ఏప్రిల్ చివర్లో చూశాను.

ఆఖరి మూడు వారాలు ఆఫీసు అయ్యాక ఐదు నుంచి చీకటి పడేదాకా తలుపులు తట్టాను. నా యాస గురించి నాకూ భయమే. ఒక్కరు కూడా యాస గురించి అనలేదు. వాళ్లు అడిగింది పన్ను. "నా పిల్లలు చదువులు ముగించి ఇరవై ఏళ్లయింది, నేనెందుకు కట్టాలి?" అని ఒక పెద్దాయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నువ్వు జవాబు సిద్ధం చేసుకుని వెళ్లు. మన ఇంటి పన్నులో పెద్ద భాగం బడులకే పోతుంది, ఆ రేటు పెట్టేది బోర్డే. కొత్త బిల్డింగులకు వచ్చే ఒక సెంటు అమ్మకపు పన్ను వేరు, దానికి ఐదేళ్లకోసారి జనమే ఓటేయాలి. బడులన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్‌ను పెట్టుకునేదీ తీసేసేదీ బోర్డే. బస్సు డ్రైవర్ల జీతం ఆ బడ్జెట్‌లో ఒక లైను. ఆ లైను మీద చెయ్యెత్తేది ఐదుగురో ఏడుగురో. నీ కాగితం ఆ టేబుల్‌కు అవతల చదివితే మూడు నిమిషాలు, ఇవతల కూర్చుని చదివితే నాలుగేళ్లు.

హన్మకొండ ఆడబిడ్డ రాసింది:

అన్నా, పొద్దున చదివాను, మధ్యాహ్నం మా ఆయనకు చదివి వినిపించాను, రాత్రి అత్తమ్మకు కూడా. పేపర్లో ప్రకటన ఇవ్వడానికి వెళ్తూ భార్యకు చెప్పాడన్న దగ్గర అత్తమ్మ "అట్లనా!" అన్నారు. ఇంకా సరే అనలేదు కానీ వద్దు అనడం మానేశారు.

రెండు ప్రశ్నలున్నాయి. మా ఫ్రెండ్స్ చాలామంది హెచ్‌వన్‌బీలో ఉన్నారు. తలా వంద డాలర్లు వేసుకుంటామంటున్నారు, తీసుకోవచ్చా? ఎన్నిక రోజు పోలింగ్ దగ్గర మనవాళ్లు టిఫిన్లు, చాయ్ పెడదామంటున్నారు, అది పద్ధతేనా?

శెనక్కాయల అనంతపురం రాశారు:

రెండూ అడిగి మంచి పని చేశావు. రెండింటికీ నా జవాబు ఒకటే: వద్దు.

హెచ్‌వన్‌బీలో ఉన్నవాళ్ల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. అది జార్జియా నియమం కాదు, కేంద్ర చట్టం. అధ్యక్షుడి ఎన్నికకైనా, స్కూల్ బోర్డుకైనా ఒకటే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. మీ ఆయన ఇవ్వొచ్చు. హెచ్‌వన్‌బీ వాళ్లు జీతం తీసుకోకుండా నీతో పాటు నడవొచ్చు, సాయంత్రం పిల్లల్ని చూసుకోవచ్చు, నీ కరపత్రం మడతలు పెట్టొచ్చు. నా దగ్గర అలా వచ్చినవాళ్లే చివరిదాకా నిలబడ్డారు. కానీ చాలా గట్టిగా చెబుతున్నా, గ్రీన్ కార్డు వాళ్లెవరూ పొరపాటున కూడా ఓటరుగా పేరు నమోదు చేసుకోకూడదు. కార్డు పోతుంది, దేశం వదలాల్సి రావొచ్చు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు ఓటు నమోదు సంగతి కూడా ఉంటుంది, చూడకుండా సంతకం పెట్టేస్తారు. మీ గ్రూపులో ఈ ఒక్క మాట ఈ రాత్రే పెట్టు.

పోలింగ్ బిల్డింగ్‌కు 150 అడుగుల లోపల ప్రచారం చేయకూడదు, లైన్లో ఉన్నవాళ్లకు తిండి, నీళ్లు ఇవ్వకూడదు. 2021 చట్టంతో అది నేరం అయింది. మనం ప్రేమగా ఇడ్లీ పెడితే కేసు అవుతుంది. టిఫిన్లు ఇంట్లో పెట్టండి, ఇల్లిల్లూ తిరిగి వచ్చినవాళ్లకు.

డబ్బు ఎవరి దగ్గరైనా తీసుకునే ముందు, చందా తీసుకుంటానని తెలిపే కాగితం దాఖలు చేయాలి. దానికి ముందు ఒక్క చెక్కు కూడా ముట్టుకోవద్దు. నామినేషన్ ఫీజు ఆ పదవి ఏడాది జీతంలో మూడు శాతం. బోర్డు సభ్యులకిచ్చేది చాలా తక్కువ కాబట్టి ఆ ఫీజూ తక్కువే. నాకు ఎక్కువ ఖర్చు అయ్యింది ఇళ్ల ముందు పాతే ప్రచారపు బోర్డులకు, ఉత్తరాలకు. బోర్డులు సగానికి తగ్గించుకుని, ఆ డబ్బు ఓటర్ల జాబితాకు పెట్టు. అది రాష్ట్ర కార్యాలయంలో కొనుక్కోవచ్చు. ఎవరు ఏ ఎన్నికకు వెళ్లి ఓటేశారో అందులో ఉంటుంది. ఎవరికి వేశారన్నది ఉండదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, తెనాలి రాశారు:

అమ్మా, నేను కొడుకు దగ్గరకు నాలుగు నెలలకు వచ్చాను, మా కోడలు ఈ మాటలు చదివి వినిపిస్తే రాయాలనిపించింది. ముప్పై రెండేళ్లు బడిలో పని చేశాను.

మన దగ్గర కూడా బడికి ఎన్నిక ఉంది. విద్యాహక్కు చట్టం వచ్చాక ప్రతి ప్రభుత్వ బడికీ ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం ఆడవాళ్లే. ఆంధ్రలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులే ఎన్నుకుంటారు, వాళ్లలోంచి చైర్మన్, వైస్ చైర్మన్ వస్తారు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఒకేరోజు పెట్టారు. నేను పని చేసిన రోజుల్లో కొన్ని ఊళ్లలో పార్టీలవాళ్లు గేటు దగ్గరే నిలబడి ఎవరిని ఎన్నుకోవాలో చెప్పేవాళ్లు. ఆ జార్జ్‌టౌన్ సంగతి చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కానీ ఒకసారి ఒక వ్యవసాయ కూలీ తల్లి చైర్మన్ అయ్యింది. చదువు రాదు, వేలిముద్ర. ప్రతి సోమవారం పనికి వెళ్లే దారిలో బడికి వచ్చి, వంటగదిలో బియ్యం బస్తా మూత విప్పి చేత్తో పట్టి చూసేది. పురుగుంటే "సారూ, ఇది వండొద్దు" అనేది. ఆమె ఉన్న రెండేళ్లూ మా బడిలో ఒక్క పిల్లవాడికీ తిండి తేడా చేయలేదు. మీరు మీ బస్సుల లెక్క మానేయకండి.

హన్మకొండ ఆడబిడ్డ రాసింది:

మాస్టారూ, మీ మాట అత్తమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ ముసలాయన పాఠం చెప్పిన ఊరు ఎంత దూరం?" అని అడిగారు. అన్నా, ఈ శనివారం పిల్లల్నీ ఆవిణ్ణీ తీసుకుని ప్లెయిన్స్ వెళ్దామనుకుంటున్నాం. ఎటు వెళ్లాలి?

శెనక్కాయల అనంతపురం రాశారు:

75 హైవే మీద దక్షిణంగా కార్డీల్ దాకా వెళ్లండి. అక్కడ దిగి 280 పట్టుకుని పడమరగా, అమెరికస్ దాటితే పది మైళ్లలో ప్లెయిన్స్. పొద్దున్నే బయలుదేరితే హైస్కూల్ మ్యూజియం తీరిగ్గా చూడొచ్చు. మరనాథ చర్చి వైపు వెళ్తే పళ్లికిలించిన పెద్ద శెనక్కాయ బొమ్మ కనిపిస్తుంది, బాబుకు నచ్చుతుంది. దారిలో ఉడకేసిన శెనక్కాయలు కనిపిస్తే అమ్మకు వేడివేడిగా కొనిపెట్టు. ఓటర్ల జాబితాకు మాత్రం సోమవారమే అర్జీ పెట్టు, వచ్చాక నాకు మెసేజ్ చెయ్. మొదటి వీధికి నేనూ వస్తాను.